అడవి మనిషి ఎత్తు

కౌలాలంపూర్‌లో పిల్లల్ని చెస్ టోర్నమెంట్లకు తిప్పే తల్లిదండ్రులకు ఈ దృశ్యం బాగా తెలుసు. రౌండ్ మొదలైన ఐదు నిమిషాలకు హాలు తలుపులు మూసేస్తారు. పిల్లలు లోపల, మనం బయట. ఇక గంటసేపు మన చేతుల్లో ఏమీ ఉండదు. కొందరు ల్యాప్‌టాప్ తెరుస్తారు. కొందరు కింద ఉన్న మామక్ కొట్టుకు వెళ్ళి తే తారిక్ తాగి వస్తారు. నాలాంటి వాళ్ళు తలుపుకున్న అద్దంలోంచి తమ పిల్లల వీపు చూస్తూ నిలబడతారు. వీపును బట్టి ఆట ఎలా ఉందో చెప్పగలమని మాకో నమ్మకం.

ఆ ఆదివారం మిడ్ వ్యాలీ దగ్గర ఒక హాల్లో మా అమ్మాయి ఐదో రౌండ్ ఆడుతోంది. దానికి పన్నెండేళ్ళు. తెల్ల పావులు దానివే. అద్దంలోంచి దాని మొదటి ఎత్తు నాకు కనబడింది. రాజు ముందు బంటు కాదు, మంత్రి ముందు బంటు కాదు. ఎడమ వైపు అంచుకు దగ్గరగా ఉండే బంటును రెండు గళ్ళు ముందుకు తోసింది. చెస్ భాషలో చెప్పాలంటే బి4.

నా గుండె ఒక్కసారి జారింది. నేను నేర్పిన ఎత్తు కాదది.

ఫైల్లో లేని ఎత్తు

ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఏ సమస్య కనబడినా ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేయడం మా జాతి లక్షణం. అమ్మాయి చెస్ మీద ఆసక్తి చూపించగానే నేను చేసింది కూడా అదే. ఇటాలియన్ ఓపెనింగ్ తీసుకుని, కంప్యూటర్ ఇంజిన్‌తో పరీక్షించి, ఎదుటివాళ్ళు ఈ ఎత్తు వేస్తే నువ్వు ఆ ఎత్తు వెయ్యాలి అని ఒక పెద్ద ఫైలు తయారుచేశాను. కొన్ని వరుసలు పదిహేను ఎత్తుల దాకా ఉండేవి. రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట అప్పజెప్పించుకునేవాణ్ని. మా ఆవిడ ఒకసారి అననే అంది, ‘ఎక్కాలు చదివిస్తున్నారా, ఆట నేర్పిస్తున్నారా?’ అని. నేను పట్టించుకోలేదు.

దానికి మొదట చెస్ నేర్పింది మా నాన్నగారు. సెలవులకు గుడివాడ వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టుకుని, రంగు వెలిసిన చెక్క బల్ల మీద ఆడించేవారు. గుర్రానికి రెండున్నర గళ్ళు అనీ, బంటుకు ఒక్క గడే అనీ ఆయన పాత లెక్కలు ఆయనవి. మొదటి ఎత్తులో బంటు రెండు గళ్ళు వెళ్ళవచ్చన్న నియమం మనవరాలే ఆయనకు నేర్పింది. అప్పుడు అది నవ్వుతూ ఆడేది. నా ఫైలు వచ్చాక నవ్వు తగ్గింది. అదంతా ఏకాగ్రత అనుకున్నాను.

కిందటి ఏడాది ఒక టోర్నమెంట్‌లో దాని ఎదుటి పిల్లవాడు ఆరో ఎత్తులోనే దారి తప్పాడు. మంచి ఎత్తు కూడా కాదది. కానీ నా ఫైల్లో లేదు. అమ్మాయి పది నిమిషాలు బల్ల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత వరసగా మూడు తప్పులు చేసి ఓడిపోయింది. బయటికి వచ్చాక నేను ఎప్పటిలాగే ‘గెలిచావా?’ అన్నాను. అది నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళిపోయింది. పావుగంట తర్వాత ఎర్రబడిన కళ్ళతో వచ్చి ఒకే మాట అంది.

‘ఆ ఎత్తు మన ఫైల్లో లేదు నాన్నా.’

ఓడిపోయినందుకు కాదు, ఫైల్లో లేనందుకు ఏడ్చింది. ఆ రాత్రి ఇక టోర్నమెంట్లకు రానని వాళ్ళమ్మతో చెప్పిందట. నాకు చెప్పలేదు. ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

సెపిలోక్ నుంచి వచ్చిన ఓపెనింగ్

ఏడాది చివరి స్కూలు సెలవుల్లో బోర్నియో వైపు వెళ్ళాం. సబా రాష్ట్రంలో సండకన్ ఊరి దగ్గర సెపిలోక్ ఒరాంగుటాన్ పునరావాస కేంద్రం ఉంది. తల్లిని పోగొట్టుకున్న పిల్లలను, మనుషులు పెంచుకుంటుండగా విడిపించిన వాటిని అక్కడ చేరదీసి, చెట్లెక్కడం, తిండి వెతుక్కోవడం అలవాటు చేసి మళ్ళీ అడవిలోకి పంపిస్తారు. 1964 నుంచి నడుస్తోంది. మేము చూస్తుండగా ఒక చిన్న ఒరాంగుటాన్ తాడు పట్టుకుని వేదిక మీదికి వచ్చింది. దానికి తొందర లేదు. ఒక చేత్తో కొత్త కొమ్మ గట్టిగా పట్టుకున్నాకే పాత కొమ్మ వదిలేది. అమ్మాయి చాలాసేపు దాన్నే చూసింది.

ఒరాంగుటాన్ మలయ్ మాట. ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి. అడవి మనిషి అన్నమాట. ఇక్కడ ఉండే మనకు ఒరాంగ్ కొత్త మాటేమీ కాదు. ఈ నేల ఆదివాసులను ఒరాంగ్ అస్లీ అంటారు, తెల్లవాళ్ళను ఒరాంగ్ పుతిహ్ అంటారు.

ఇంటికి వచ్చాక అమ్మాయి ఒరాంగుటాన్ల గురించి వెతుకుతుంటే దానికి చెస్ ఎదురైంది. ఒరాంగుటాన్ పేరుతో ఒక ఓపెనింగ్ ఉందట! మొదటి ఎత్తు బి4. పరుగెత్తుకుంటూ వచ్చి నాకు చూపించింది. కొన్ని నెలల తర్వాత అది తనంతట తాను చెస్ గురించి మాట్లాడడం అదే మొదటిసారి. అలాంటప్పుడు తండ్రి అన్నవాడు ఏం చేయాలి? నేను మాత్రం ల్యాప్‌టాప్ తెరిచి ఇంజిన్ అభిప్రాయం చూశాను. ‘ఇది అంత మంచి ఎత్తు కాదమ్మా’ అన్నాను. దాని మొహం మళ్ళీ మూసుకుపోయింది.

ఆ వారమే దాని కోచ్‌ను కలిశాను. ఆయన నవ్వి ఇలా అన్నారు: ‘మంచి ఎత్తా, చెడ్డ ఎత్తా అన్నది పెద్దవాళ్ళ స్థాయిలో మాట. ఈ వయసు పిల్లలకు ఆ తేడా చాలా చిన్నది. ఎందుకు వేస్తోందో చెప్పగలిగితే వెయ్యనివ్వండి. చెప్పలేకపోతే వద్దు.’

అంచు నుంచి ఆట

చెస్ తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. బల్ల మధ్యలో ఉండే నాలుగు గళ్ళను సెంటర్ అంటారు. అక్కడ నిలిచిన గుర్రం ఎనిమిది గళ్ళ మీదికి దూకగలదు. మూలన ఉన్న గుర్రానికి రెండే దారులు. అందుకే సెంటర్‌ను ముందుగా బంట్లతో ఆక్రమించాలని పాతకాలం నుంచి పాఠం. దీనికి భిన్నంగా పక్కల నుంచి మొదలుపెట్టే ఆటలను ఫ్లాంక్ ఓపెనింగ్స్ అంటారు. సెంటర్‌ను ఎదుటివాడికి వదిలేసినట్టు కనిపిస్తూ, దూరం నుంచి శకటులతో, గుర్రాలతో దాని మీద ఒత్తిడి పెట్టడం వీటి పద్ధతి.

వీటిలో సి4తో మొదలయ్యేది ఇంగ్లిష్ ఓపెనింగ్. 1843లో ఇంగ్లండ్ ఆటగాడు హొవార్డ్ స్టాంటన్ ఫ్రాన్స్‌కు చెందిన సెంట్ అమాంతో ఆడిన మ్యాచ్‌లో వాడడంతో ఆ పేరు వచ్చింది. గుర్రం ఎఫ్3తో మొదలుపెట్టి పక్కల నుంచి ఆడేది రేటీ ఓపెనింగ్. బి3తో మొదలైతే డెన్మార్క్ ఆటగాడు బెంట్ లార్సెన్ పేరు చెబుతారు. బి4కు మరో పేరు సొకోల్‌స్కీ ఓపెనింగ్. సోవియట్ ఆటగాడు అలెక్సీ సొకోల్‌స్కీ 1963లో ఈ ఒక్క ఎత్తు మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

బి4లో ఆలోచన సులువు. బంటు ముందుకు జరగగానే వెనక బి2 గడి ఖాళీ అవుతుంది. శకటు అక్కడికి చేరితే బల్ల ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉండే పొడవైన ఐమూల గీత దాని చేతికి వస్తుంది. నల్లవాడు తన రాజు ముందు బంటును ఈ5కు తోస్తే, తెల్ల శకటు దాని మీద కన్నేస్తుంది. నల్ల శకటు వచ్చి బి4 బంటును తింటే, తెల్ల శకటు వెళ్ళి ఈ5 బంటును తింటుంది. అంటే అంచు బంటును ఇచ్చి నడిమి బంటును తీసుకున్నట్టు.

‘నాన్నా, పక్క వీధిలో స్థలం ఇచ్చి మెయిన్ రోడ్డు మీద స్థలం తీసుకున్నట్టు’ అని మా అమ్మాయి వివరించింది. స్థలాల భాషలో చెబితే నాకు త్వరగా అర్థమవుతుందని దానికి తెలుసు. కోచ్ పెట్టిన పరీక్షలో నెగ్గింది.

అయితే ఇందులో ప్రమాదమూ ఉంది. 1970లో బెల్‌గ్రేడ్‌లో సోవియట్ యూనియన్‌కు, మిగతా ప్రపంచ జట్టుకు మధ్య జరిగిన పోటీలో లార్సెన్ తనకిష్టమైన బి3తో మొదలుపెట్టాడు. ఎదుట ప్రపంచ చాంపియన్ బోరిస్ స్పాస్కీ. పదిహేడు ఎత్తుల్లో లార్సెన్ ఓడిపోయాడు. పక్కల్లో తిరుగుతూ ఇల్లు మరిచిపోతే అలాగే అవుతుంది. అదే ఏడాది పాల్మా ద మయోర్కాలో బాబీ ఫిషర్ చెకొస్లొవేకియా గ్రాండ్‌మాస్టర్ మిరోస్లావ్ ఫిలిప్ మీద బి3తోనే మొదలుపెట్టి గెలిచాడు. ఎత్తు ఒక్కటే గెలిపించదు, ఒక్కటే ఓడించదు.

న్యూయార్క్, 1924

ఇంతకీ ఒరాంగుటాన్ పేరు ఎలా వచ్చింది? ఈ కథ మా ఇంట్లో ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చు.

1924 మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూయార్క్‌లో ఒక మహా టోర్నమెంట్ జరిగింది. పదకొండు మంది ఆటగాళ్ళు. ప్రపంచ చాంపియన్, క్యూబాకు చెందిన కాపాబ్లాంకా. మాజీ చాంపియన్ లాస్కర్. కాబోయే చాంపియన్ అలెఖిన్. వీళ్ళతోపాటు కొత్త ఆలోచనలున్న ఇద్దరు, సావియెలీ టార్టకోవర్, రిచర్డ్ రేటీ.

విరామం దొరికిన రోజు ఆటగాళ్ళు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలకు వెళ్ళారు. అక్కడ సుసాన్ అనే ఒరాంగుటాన్ ఉండేది. హాస్యప్రియుడైన టార్టకోవర్ దాని దగ్గర సలహా తీసుకున్నానని చెప్పి, మార్చి 21న హంగరీకి చెందిన గేజా మారోత్సీ మీద బి4తో ఆట మొదలుపెట్టాడు. బంటు బి4కు, అక్కడి నుంచి బి5కు ఎగబాకే తీరు చెట్టెక్కే ఒరాంగుటాన్‌ను గుర్తుచేస్తుందని కూడా చెబుతారు. మొత్తానికి పేరు నిలిచిపోయింది.

ఆట మాత్రం టార్టకోవర్ ఓడిపోయాడు.

ఈ కథ చెప్పేవాళ్ళలో చాలామంది ఇక్కడ ఆపేస్తారు. కానీ మరుసటి రోజు, మార్చి 22న, అదే హాల్లో రేటీకి కాపాబ్లాంకా ఎదురయ్యాడు. కాపాబ్లాంకా ఎనిమిదేళ్ళుగా టోర్నమెంట్ ఆటల్లో ఓడిపోలేదు. రేటీ మొదట గుర్రాన్ని ఎఫ్3కు తెచ్చాడు. రెండో ఎత్తు సి4. మూడో ఎత్తు బి4. నిన్న టార్టకోవర్ తోసిన అదే బంటు, అదే గడి. తర్వాత శకటును బి2లో పెట్టి, రెండోదాన్ని జి2లో పెట్టి, రెండు వైపుల నుంచీ సెంటర్ మీద గురిపెట్టాడు. నెమ్మదిగా డి గీత తెరిచి రెండు ఏనుగులనూ అక్కడికి తెచ్చాడు. ముప్పై ఒకటో ఎత్తు చూసి కాపాబ్లాంకా ఓటమి ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

చివరికి ఆ టోర్నమెంట్ గెలిచింది యాభై ఐదేళ్ళ లాస్కర్. కాపాబ్లాంకా రెండో స్థానంలో నిలిచాడు. రేటీ టోర్నమెంట్ గెలవలేదు. అయినా వందేళ్ళ తర్వాత కూడా ఆ ఒక్క ఆట కోసం ఆ టోర్నమెంట్‌ను తలుచుకునేవాళ్ళున్నారు.

ఐదో రౌండ్

మళ్ళీ మన హాలుకు వద్దాం. ఒక్కొక్కరికి 25 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు అదనం. ఎదుట ఒక మలయ్ అబ్బాయి, దీని ఈడువాడే. తర్వాత అమ్మాయి చెప్పినదాన్ని బట్టి ఆట ఇలా సాగింది.

బి4 చూడగానే అబ్బాయి తలెత్తి దీని మొహం చూశాడట. పొరపాటున చెయ్యి తగిలి వేసిందేమో అనుకుని ఉంటాడు. తర్వాత ఈ5. ఇది శకటును బి2కు తెచ్చింది. అతను బి4 బంటును తిన్నాడు, ఇది ఈ5 బంటును తింది. అతను గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి, రాజును కాస్లింగ్‌తో భద్రం చేసుకున్నాడు. తర్వాత డి5తో నడిమి గడిలోకి వచ్చాడు. మా అమ్మాయి సి బంటుతో దాన్ని తినేసింది, అతను గుర్రంతో తిరిగి తిన్నాడు. అప్పుడు నల్లవాడికి మధ్యలో బంట్లు లేవు. మా అమ్మాయికి డి, ఈ బంట్లు రెండూ ఉన్నాయి. బదులుగా అతనికి అటు పక్క ఎ, బి, సి మూడు బంట్లున్నాయి. మాదాంట్లో ఒక్కటే.

అంటే నడిమి ఇద్దరికీ పక్క ముగ్గురికీ పోటీ.

కొంతసేపటికి అమ్మాయి మంత్రి జి4కు వచ్చింది. వెనక్కి వచ్చిన శకటు బి2లోంచి, మంత్రి జి4లోంచి, రెండూ నల్లరాజు ముందున్న జి7 బంటునే చూస్తున్నాయి. ఒక్క ఎత్తులో ఆటకట్టు. అబ్బాయి చాలాసేపు ఆలోచించి తన శకటును ఎఫ్8కు వెనక్కి లాగి కాపాడుకున్నాడు. నేను అద్దంలోంచి చూసినప్పుడు మా అమ్మాయి రెండు చేతులూ కింద పెట్టుకుని, కాళ్ళు ఊపుతూ కూర్చుంది. ఇంతకుముందు ఆటల్లో దాని భుజాలు చెవుల దాకా బిగుసుకుపోయి ఉండేవి.

నా పక్కన నిలబడ్డాయన కూడా తెలుగువారే. తాతల నాడు దిగువ పేరాక్ తోటల్లోకి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన తెలుగులో మధ్యమధ్య మలయ్ మాటలు దొర్లుతాయి. నా అవస్థ చూసి, ‘తమ్ముడూ, నువ్వు ఎంత చూసినా పావు కదలదు. రా, కూర్చో. నేనైతే మావాడు ఓడినా గెలిచినా ముందు చల్లటి మైలో తాగిస్తా, తర్వాతే మాట్లాడతా’ అన్నారు. కూర్చున్నాను కానీ కళ్ళు తలుపు మీదే.

చాలా పావులు మార్పిడి అయిపోయాయి. చివరికి ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఐదేసి బంట్లు మిగిలాయి. మా అమ్మాయి కోరుకున్నట్టే దాని రెండు బంట్లు డి4లో, ఈ4లో భుజం భుజం కలిపి నిలబడ్డాయి. కానీ అతని సి బంటు అందరినీ దాటుకుని సి3 దాకా వచ్చేసింది. వెనక సి8లో ఏనుగు కాపలా. ముందు సి2లో మా అమ్మాయి ఏనుగు అడ్డుగా నిలబడి ఉంది.

గడియారంలో రెండు నిమిషాలు కూడా లేవు. అతని మరో బంటు ఎ6లో ఒంటరిగా కనబడింది. దాన్ని తినేద్దామని మా అమ్మాయి ఏనుగును ఎ2కు జరిపింది.

అడ్డు తొలగింది. అబ్బాయి సి బంటును సి2కు తోశాడు. ఇంకొక్క అడుగు వేస్తే అది మంత్రి. దాన్ని తింటే ఏనుగు పోతుంది, తినకపోతే కొత్త మంత్రి పుడుతుంది. మూడు ఎత్తుల తర్వాత మా అమ్మాయి చెయ్యి చాపి ఓటమి ఒప్పుకుంది.

బయటికి వచ్చేటప్పుడు ఆ అబ్బాయి దీనితోపాటే వచ్చాడు. ఆ ఓపెనింగ్ పేరేమిటని అడిగాడు. ‘ఒరాంగుటాన్’ అంది. వాడు పగలబడి నవ్వి, ‘అది మా భాష మాట’ అన్నాడు. ‘నాకు తెలుసు. సెపిలోక్‌లో చూశాను కూడా’ అంది ఇది. వాడు సెపిలోక్ ఇంకా చూడలేదట. ఓడిన మా అమ్మాయే గెలిచిన వాడికి దారి వివరాలు చెప్పి పంపింది.

‘ముందు నన్ను చెప్పనివ్వు’

అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులోని ఫోన్ మీదికి వెళ్ళింది. ఎక్కడ తప్పు జరిగిందో ఇంజిన్ ఒక్క సెకనులో చెబుతుంది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

‘ఇప్పుడే వద్దు నాన్నా. ముందు నన్ను చెప్పనివ్వు.’

కారిడార్‌లో నేల మీద కూర్చుని, సంచిలోని చుట్టబల్ల పరిచి, ఆటంతా మొదటి నుంచి వేసి చూపించింది. ఇక్కడ ఇలా ఎందుకు అనుకున్నాను, ఇక్కడ వాడు ఏం చేస్తాడని భయపడ్డాను, ఇక్కడ నాకు చాలా సంతోషమేసింది, ఇక్కడ తొందరపడ్డాను. రెండేళ్ళుగా నేను దానికి చెప్పడమే తప్ప అది నాకు చెప్పడం వినలేదు. ప్రతి ఎత్తుకూ దాని దగ్గర ఒక కారణం ఉంది. కొన్ని కారణాలు తప్పు. కానీ అవి దాని సొంతం.

పేరాక్ అన్నగారు మాకిద్దరికీ మైలో తెచ్చిచ్చారు.

సాయంత్రం ఇంటికి చేరాక గుడివాడకు వీడియో కాల్ చేశాం. మాకు ఎనిమిది, వాళ్ళకు అయిదున్నర. నాన్నగారు ముందడిగింది అందరి తాతల్లాగే, ‘గెలిచావా తల్లీ?’ అని. ‘ఒకటి ఓడిపోయాను తాతయ్యా, చూపిస్తా ఉండు’ అని ఆ చివరి స్థితిని బల్ల మీద పెట్టి కెమెరా ముందుకు తెచ్చింది. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూశారు.

‘నీ రాజెక్కడమ్మా?’

‘ఎఫ్1లో.’

‘మరి అక్కడ కూర్చుని ఏం చేస్తున్నాడు? పెద్ద పావులన్నీ పోయాక రాజు కూడా కూలికి వెళ్ళాల్సిందే. ఏనుగును కదపకు. రాజును రెండడుగులు నడిపించు.’

అమ్మాయి రాజును ఈ2కు, తర్వాత డి3కు నడిపింది. అప్పుడు దానికి కనబడింది. సి3లోని నల్ల బంటు మీద రాజు, ఏనుగు ఇద్దరి చూపూ పడింది. దానికి కాపలా ఒక్క ఏనుగే. ఇక ఆ బంటు దక్కదు. పైగా అది కోరి నిలబెట్టుకున్న డి4 బంటే ఎదుటి ఏనుగు చెక్ చెప్పకుండా రాజుకు గొడుగు పట్టింది.

‘తాతయ్యా!’ అని అరిచింది. పావుగంట సేపు వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. నేను ఇంజిన్ తెరవలేదు. అవసరం రాలేదు.

ఆ రాత్రి ఇంకో సంగతి కూడా తలుచుకున్నాం. మా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, అప్పటికి ఆ ఘనత సాధించిన అమ్మాయిల్లో అందరికన్నా చిన్నదిగా జూడిట్ పోల్గార్ రికార్డును దాటింది. ఆ వార్త వచ్చినప్పుడు మా వీధిలో మిఠాయిలు పంచారని నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. అదే హంపి 2024 డిసెంబరులో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చాంపియన్‌షిప్‌లో మొదటి రౌండే ఓడిపోయింది. తర్వాత పుంజుకుని, చివరి రౌండ్లో నల్ల పావులతో ఇండొనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించి, 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో రెండోసారి టైటిల్ గెలిచింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్ళు. ఆ పోటీ జరిగింది న్యూయార్క్‌లో. టార్టకోవర్ ఓడిన, మరునాడు రేటీ గెలిచిన అదే ఊళ్ళో, సరిగ్గా నూరేళ్ళకు.

మనకు కూడా ఒక ఓపెనింగ్

అందరు పిల్లలూ బి4 ఆడాలని నేను చెప్పడం లేదు. మా కోచ్ కూడా ఆ మాట అనరు. రాజు ముందు బంటుతో మొదలయ్యే ఆటలు ముందు బాగా రావాలి, సెంటర్ విలువ తెలిసినవాళ్ళే సెంటర్‌ను వదిలి ఆడగలరు అంటారాయన. పాఠం ఎగ్గొట్టడానికి వింత ఓపెనింగ్ ఎంచుకుంటే లార్సెన్‌కు ఒక్కరోజు జరిగింది మన పిల్లలకు రోజూ జరుగుతుంది.

నాకు తెలిసొచ్చింది వేరే. పరాయి దేశంలో ఉన్న మనం పిల్లల విషయంలో కాస్త ఎక్కువ భయపడతాం. ఇక్కడ మనకు అత్తలు, మామయ్యలు, బాబాయిలు లేరు. తప్పు జరిగితే పట్టుకునే చేతులు తక్కువ. అందుకే స్కూలు, ట్యూషన్, సంగీతం, ఆట, అన్నిటికీ ముందుగానే ఒక ఫైలు తయారుచేసి చేతికిస్తాం. ఆరో ఎత్తులో ఎదుటివాడు దారి తప్పితే ఏం చేయాలో ఆ ఫైల్లో ఉండదు. అక్కడి నుంచి వాళ్ళే ఆలోచించుకోవాలి. ఆలోచించే అలవాటు మాత్రం మనం వాళ్ళను మాట్లాడనిచ్చినప్పుడే వస్తుంది.

నా స్ప్రెడ్‌షీట్ ఇంకా ఉంది. దానిలో ఇప్పుడు అమ్మాయి ఒక కొత్త గడి చేర్చింది. ‘ఎందుకు?’ అని దాని పేరు. నింపేది అదే. ఆ ఐదో రౌండ్ ఆట ఎదురుగా అది రాసుకుంది: ‘తొందరపడ్డాను. రాజును మరిచిపోయాను.’

కిందటి నెలలో మళ్ళీ ఒక టోర్నమెంట్. మళ్ళీ మూసిన తలుపులు, మళ్ళీ అద్దం. ఈసారి నేను కిందికి వెళ్ళి తే తారిక్ తాగి వచ్చాను. చివరి రౌండ్ అయ్యాక అది సంచి ఊపుకుంటూ బయటికి వచ్చింది. మొహం చూసి ఫలితం చెప్పలేకపోయాను. నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను మింగేసి, ‘ఏం ఆడావమ్మా?’ అన్నాను.

‘చెప్తా. చాలా ఉంది చెప్పాల్సింది. ముందు ఆకలేస్తోంది నాన్నా, పద’ అంది.